గడి లేని మాట

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు వెనక సందులో
మా ల్యాబు. పైన డాబా మీద ఎవరివో కురిడీలు ఎండుతుంటాయి,
కింద నేను నెత్తురు తీస్తుంటాను.

గుబ్బల సూరన్న మొదటిసారి వచ్చినప్పుడు
రెండు మెట్లెక్కడానికి మోకాలిని చేత్తో ఎత్తుకున్నాడు.
రోజుకి నలభై చెట్లు దింపు తీసిన మనిషి.
ఫారంలో వయసు, ఊరు, పని రాసి
మద్యం అన్నచోట అడక్కుండానే టిక్కు పెట్టాను.
తాడిచెట్టుకీ కొబ్బరిచెట్టుకీ తేడా చూడని టిక్కు.

ఎస్‌జీఓటీ నాలుగొందలు. ఎస్‌జీపీటీ రెండొందల ఎనభై.
లివరన్నారు. మానెయ్యమన్నారు.
ఎన్నడూ ముట్టనిదాన్ని ఎలా మానాలో తెలీక
నాలుగు నెలలు పసరు తాగాడు,
ఉప్పులేని మజ్జిగన్నం తిన్నాడు.
సత్తివేణి మొగుడిచేత ఒట్టు వేయించుకుంది.
తర్వాత గడపలో నిలబెట్టి నోరు వాసన చూసింది.
తర్వాత మాట్లాడ్డం మానేసింది.
చొక్కా తొడుక్కోవాలంటే అతను గోడకి జారబడి
ఒక చేతిని ఇంకో చేత్తో మోసుకెళ్ళేవాడు.

అమలాపురంలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ
కడుపు నొక్కలేదు. వేళ్ళు చూసింది.
"ఈ పగుళ్ళు ఎప్పటివి?"
"చెట్టు పట్టే చెయ్యండి, పగలక పూలు పూస్తుందా?"
"చెట్టెక్కి ఎన్నాళ్ళయింది?"
ఆరు నెలలు.
చెట్టు వదిలేసినా వేళ్ళు పగులుతూనే ఉన్నాయని
అప్పుడు చూసుకున్నాడు.
ఆమె చీటీ మీద రెండక్షరాలు రాసింది: సీకే.

నరం దొరకడం తేలికే, మోకులా ఉంది.
పక్కన కండే, కాలవలో నానేసిన పీచు.
గొట్టం తిరిగి ఆగాక పైకి తేలిన సీరం
లేత బొండం నీళ్ళ రంగు.
రెండొందలు దాటకూడని చోట
ఎనిమిది వేల నాలుగొందల పన్నెండు.
మిషను తప్పనుకుని పలచన చేసి మళ్ళీ పెట్టాను.
మళ్ళీ అంతే.
వరద రోజుల్లో ధవళేశ్వరం నుంచి వచ్చే అంకె విన్నట్టు
కాగితం పట్టుకుని నిలబడిపోయాను.
లివరుది కాదు ఈ నీరు.
కండ గట్టు తెగి నెత్తుట్లోకి కారుతోంది,
నాలుగు నెలల కిందట నేను చదివిన అంకెలూ
ఆ గండిలోంచి వచ్చినవే.

"నీ నెత్తురే నీ కండని పరాయిదనుకుంటోంది" అందిట డాక్టరమ్మ.
సూరన్న తలూపి నాతో అన్నాడు:
"మా అత్తోరిది లంకండి.
మట్టి పోసిందీ గోదారే, కోసుకెళ్ళేదీ గోదారే.
నాకు కొత్తేం కాదు."

ఏ రకమో తేలాలంటే ఇంకో పరీక్ష. ఐసు పెట్టెలో హైదరాబాదు వెళ్ళాలి.
తొమ్మిది వేలు.
చెట్టుకి పాతిక లెక్కన మూడొందల అరవై చెట్లు.
పీచు ఫ్యాక్టరీ కూలి డబ్బులు తెచ్చి సత్తివేణి కట్టింది,
మొగుడి వంక చూడకుండా.

తొమ్మిదో రోజున పట్టీ ఫలితం వచ్చింది.
పదహారు గీతల్లో పదిహేను తెల్లగా,
ఒక్కటి నల్లగా.
జో-వన్. ఏ దేశంలోనో, ఎప్పుడో,
ఇదే జబ్బుతో మంచమెక్కిన ఒకాయన పేరులోని అక్షరాలట.
ఆయన చెట్లెక్కేవాడో, బళ్ళు తోలేవాడో.
సూరన్నకి చెబితే "పాపం" అన్నాడు,
దగ్గు తెరలోంచి.
ఊపిరితిత్తులు కూడా తీయించమన్నారు, ఆ సంగతి ఇంకా తేలలేదు.

మాత్రలు మొదలెట్టిన రెండో నెల మళ్ళీ వచ్చాడు.
మొహం ఉబ్బింది. మెట్లు మెల్లగా, చెయ్యి సాయం లేకుండా.
"ఎంత తగ్గిందండీ?" గట్టు మీద జనం అడిగినట్టే.
మూడు వేల నూట అరవై.
"అయితే ఇంకా రెండో హెచ్చరికే" అని నవ్వి,
దూది వేలితో నొక్కి పట్టుకునే అన్నాడు:
"ఈ కాయితం మీద ఓ ముక్క రాస్తారా అమ్మా,
ఈడు తాగడు అని.
ఇంటికాడ చూపించాలండి."

రిపోర్టులో ఆ మాటకి గడి లేదు.
పాత ఫారం బీరువాలో ఉంది, నా టిక్కుతో సహా.
తాళం తీశాను.