కాలు తీసిన చప్పుడు

ఆర్డెన్ కొండల్లో ఆగస్టు అంటే
ఒక మలుపులో ఎండ, పక్క మలుపులో వాన.
మా పోస్టు నంబరు పదకొండు.
రోడ్డు దిగుతూ ఎడమకు తిరిగి
చెట్ల చాటుకు పోయే చోట
టైర్ల గోడ వెనక ముగ్గురం:
నేను, ఒడిలోన్, రేడియో దగ్గర గిలెన్.

జీతం లేదు.
మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్, వానకో కోటు,
ఏడాది చివర ఓ బ్యాడ్జీ.
మిగతా రోజుల్లో నాకు రొట్టెల బట్టీ,
ఒడిలోన్‌కు బడిపిల్లల బస్సు.
ఇక్కడైనా అక్కడైనా ఒకటే పని అంటాడతను:
వెనక కూర్చున్నవాళ్ళు నిద్రపోవచ్చు,
ముందున్నవాడు పోకూడదు.

జెండా బరువెంత అని అడుగుతారు చుట్టాలు.
పొడిగా ఉంటే పిల్లల దుప్పటంత కూడా ఉండదు.
తడిసి, గాలి ఎదురైతే
రాత్రంతా భుజం దాని గురించే మాట్లాడుతుంది.

పసుపు జెండా ఒకటి ఊపితే, చూసుకో.
రెండు ఊపితే, మనిషి ఉన్నాడు.
రూల్‌బుక్కులో ఇంకా చాలా రాసుంది గాని
నాకు తెలిసింది అంతే:
మనిషి ఉన్నాడు.

ఆ ఆదివారం పందొమ్మిదో ల్యాపులో
తెల్ల కారొకటి గోడను రాసుకుని
రెక్క ముక్కను నడిరోడ్డు మీద వదిలిపోయింది.
అరచేతి వెడల్పు కార్బన్.
ఒకరి టైరు కోయడానికి,
ఇంకొకరి మెడ దాకా ఎగరడానికి చాలు.
వెళ్ళమంటున్నారు, అంది గిలెన్.
నేను రెండు జెండాలూ ఎత్తాను.
ఒడిలోన్ పరిగెత్తాడు.

మీకు కనపడేది కారు.
మాకు ముందు వినపడుతుంది.
చెట్ల వెనక మోతలోనే తెలుస్తుంది
పెడల్ మీద ఎవరి కాలు ఎంతుందో.
మొదటివాడి గొంతు తగ్గింది.
రెండోవాడిది ఇంకా తగ్గింది,
చల్లగా ఉండాలి వాడు.
మూడోది నీలం కారు.
తగ్గలేదు.

ఒడిలోన్ వంగి ఉన్నాడు.
నారింజ రంగు వీపు.
ఆ వీపుకూ నీలం కారుకూ మధ్య
నిలబడటానికి గాలి ఒక్కటే మిగిలింది.

టోపీ పోయింది, అంతే.
టోపీ, ఆ తర్వాత కొన్ని వారాలు
బస్సు మొదటి గేరు వేసేటప్పుడు చేతిలో చిన్న వణుకు.

విచారణ గదిలో కుర్రాడు, పేరు యోరిట్,
"కాలు తీశాను" అన్నాడు.
అబద్ధం కాకపోవచ్చు. అతనికలాగే గుర్తుందేమో.
తెర మీద అతని పాదాన్ని గీతగా చూపించారు.
నూటికి నాలుగు వంతులు.
బూటు లోపల బొటనవేలు కదిపినంత.
ఇంకొంచెం తీస్తే మూడో స్థానం పోయేదని
అతను అనలేదు. గదిలో అందరం విన్నాం.

ఆ రెండోవాడు
ఆఖరుకు తొమ్మిదో స్థానంలో వచ్చాడు.
పేపర్లో పేరు పడలేదు.
గిలెన్ మాత్రం లాగ్‌బుక్కు అంచున పెన్సిల్‌తో రాసింది:
నలభై ఎనిమిది. మంచి కాలు.

యోరిట్‌కు జరిమానా,
వచ్చే పోటీలో ఐదు స్థానాలు వెనక్కి,
పైగా సెప్టెంబరులో పాతకార్ల పోటీ నాడు
పదకొండో పోస్టులో ఒక రోజు.

వచ్చాడు. బూట్లు తెచ్చుకోలేదు.
గిలెన్ వాళ్ళాయనవి ఇచ్చింది,
అందులో వేళ్ళు ముడుచుకుని నిలబడ్డాడు.
ఒడిలోన్ కాఫీ పోశాడు, కప్పు నిండా కాదు.
క్షమాపణ మాట ఎవరమూ ఎత్తలేదు.
వాన వస్తుందా రాదా అన్నదే మాట్లాడుకున్నాం.

మూడింటికి ఒక ఎర్ర కారు గడ్డిలోకి జారి ఆగింది.
జెండాలు అతని చేతికిచ్చాను.
ఒడిలోన్ ఎప్పటిలాగే కంచె దాటి వెళ్ళాడు.
చెట్ల వెనక మోత.
కుర్రాడు ఊపుతున్నాడు,
కర్ర విరిగేలా, మెడ నరాలు ఉబ్బేలా.
నోటితో కూడా అరుస్తున్నాడు.
హెల్మెట్ లోపలికి ఏ అరుపూ చేరదని
మా అందరికంటే అతనికే బాగా తెలుసు.

మోత తగ్గింది.

నా వైపు తిరిగాడు, మొహమంతా తడి.
"విన్నారా" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా అదే వింటున్నాను.
చెప్పడానికి టైము లేదు,
ఇంకో కారు కొండ దిగుతోంది,
ఒడిలోన్ ఇంకా గడ్డిలోనే ఉన్నాడు.
"దించకు" అన్నాను.