గజం ధర

చాంద్రాయణగుట్ట దాటకముందే
ఎడమకాలి చిటికెనవేలు పొక్కింది.
శ్రీశైలం ఇంకా రెండొందల కిలోమీటర్లు.

పహాడీషరీఫ్ కాడ పంక్చర్ షాపు ఖలీల్
ట్యూబు ముక్క కోసి చెప్పుల అతికించిండు.
పైసలియ్యబోతే
"ఆడికి పోయినంక నా పేరు గూడ తల్చుకో" అన్నడు.

తుక్కుగూడల గజం నలభై వేలు,
కందుకూరుల పద్దెనిమిది,
కడ్తాల్ మలుపుల తొమ్మిదే, రిజిస్ట్రేషన్ ఫ్రీ.
మైలురాళ్లు ఎవరు చూస్తరు?

"అగ్గువైతుంది భూమి" అన్నది అండాలమ్మ,
"దేవుని కాడికి పోయేసరికి ఉత్తగనే ఇస్తరేమో!"
నవ్వినం.

తర్వాత ఒక వెంచర్ కాడ,
రంగు జెండాల నడుమ ఆగి
చెప్పులిడిచింది.
ఎవరికో లెక్క చెప్తున్నట్టు
ఇరవై అడుగులు
ఉత్తకాళ్లతో నడిచింది.
మాది అనలే. నేనడగలే.

శిఖరం ఇంకా కనపడనే లేదు,
ఖలీల్ పేరు
ఆడ్నే తల్చుకున్న.