చివరి బండి వచ్చేదాకా

ఆదివారం మేం పదకొండు బండ్లం.
డెర్బీ పొలిమేరలో, పెట్రోలు బంకు పక్కన
టీ కప్పులకి చేతులు కాచుకుంటూ
కోలిన్ చెప్పే దారిని సగం వింటాం.
మిగతా సగం వినక్కర్లేదు.
మలుపు వచ్చినచోటల్లా
అతని వెనకున్నవాళ్ళు ఆగిపోవాలి,
వచ్చేవాళ్ళందరికీ చెయ్యి చూపించి
చివరి బండి కనపడ్డాక కదలాలి. అంతే పద్ధతి.
చివరి బండి ఎప్పుడూ నెరిస్‌ది.
పసుప్పచ్చ జాకెట్టు, అరవై ఏడేళ్ళు,
ఎవరి ప్రాణమూ తొయ్యని వేగం.

గుంపులో నడపడమంటే
ముందువాడి వెనక లైటు చదవడం.
అది ఎర్రబడితే నా వేళ్ళు బిగుసుకుంటాయి.
రాతిగోడలు పోతూనే ఉంటాయి గానీ
వాటిమీద నాచు ఏ రంగంటే చెప్పలేను.
అయినా సరే,
పదకొండు ఇంజన్లూ గేరు దించుకుని
మ్యాట్లాక్ బాత్‌లోకి దిగుతుంటే
మేళం వెనక నడుస్తున్న పెళ్ళివారిలా
ఊరికే మెడ నిటారవుతుంది.
చిప్స్ కొట్టు ముందు హెల్మెట్లు తీస్తే
అందరి జుట్టూ ఒకేలా నలిగి ఉంటుంది.
వైదేహి నోరు తిరక్క నన్ను ‘వై’ అంటారు.
మొదట్లో, పిలిచినప్పుడల్లా
జవాబు వెతుక్కునేదాన్ని.

బుధవారం నాది.
రాత్రి డ్యూటీ దిగి, ల్యాబు వాసన వదలకముందే
ఎవరికీ చెప్పకుండా బండి తీస్తాను.
ఒక్కదాన్నే అయితే తప్పుదారీ దారే.
హార్టింగ్టన్ దాటాక పొలం గేటు దగ్గర ఆపి
చల్లారుతున్న ఇంజను టిక్కుటిక్కులు వింటూ
అరటిపండు తింటాను.
నాచు మూడు రంగులు. ఒకటి తుప్పు.
వారానికి సరిపడా తెలుగు
హెల్మెట్‌లోనే ఖర్చుపెడతాను:
సణుగుడు, రెండు బూతులు, ఎక్కాలు.
పదమూడో ఎక్కం తొంభై ఒకటి దగ్గర ఆగిపోతుంది.
ఎదురొచ్చే బండివాళ్ళు ఇక్కడ చెయ్యి ఊపరు,
తల పంకిస్తారు.
నేనూ పంకిస్తాను, నాది అడ్డంగా పోతుంది.
ఔనన్నానో కాదన్నానో వాళ్ళు తేల్చుకునేలోగా
ఎవరి దారిన వాళ్ళం.

భయం కూడా బుధవారమే.
జల్లు, మలుపులో ఒలికిన డీజిలు.
పడితే ఎవరు చూస్తారు?
గొర్రె చూస్తుంది.
చూసి, మళ్ళీ గడ్డి మేస్తుంది.

రెండిట్లో ఏది మేలని నెరిస్‌ని అడిగాను.
వేడి చేపముక్క ఊదుకుంటూ
“మూలమీద నిలబడ్డప్పుడు ఏం చేస్తుంటావు?” అంది.
ఏమీ చెయ్యను.
ఎనిమిది బండ్లు దాటిపోతాయి.
తర్వాత ఒక ఖాళీ.
పొగ వాసన పోయి గడ్డి వాసన వస్తుంది.
ఎక్కడో పిట్ట, కనపడదు.
ఎవరూ లేరు.
కానీ ఒకరు వస్తున్నారు.
“అదే” అంది నెరిస్, ఉప్పు అందుకుంటూ.

మే నెలలో ఆమె బండి అమ్మేసింది.
బొటనవేలి కీళ్ళు క్లచ్ మాట వినడంలేదట.
జాకెట్టు నాకిచ్చింది, భుజాల దగ్గర వదులు.
ఇప్పుడు చివరి బండి నాది.
ప్రతి మూలమీదా ఎవరో నిలబడి
నా పసుపు కోసం చూస్తుంటారు,
కనపడగానే ఇంజను లేపుతారు.
నా వెనక మాత్రం అద్దంలో
ఖాళీ రోడ్డు, దానిమీద ఆకాశం.
ఆదివారం నడిమధ్యన ఒక చిన్న బుధవారం.

మొన్న, నిజం బుధవారం,
న్యూహేవెన్ మూల దగ్గర
అడక్కుండానే కాలు కిందకి దిగింది.
ఆగాను. ఎవరికోసమో తెలీదు.
ఎల్ బోర్డు చిన్న బండి ఒకటి
తడబడుతూ వచ్చి నావైపు చూసింది.
కుర్రాడు. కొత్త గ్లవ్స్.
నా చెయ్యి దానంతటదే లేచి
ఎడమవైపు చూపించింది.
బుద్ధిగా తిరిగాడు.

పాపం, ఎటు పోవాలనుకున్నాడో.