ఎదురక్షరాలు

కందుకూరు పోస్టాఫీసు సందులో
మాలకొండయ్య ప్రెస్సుకి బోర్డు లేదు.
అడిగితే,
"కిరసనాయిలు వాసనొస్తందిగా, అదే బోర్డు" అనేవాడు.

నాకప్పుడు పదకొండేళ్లు.
బడి వదలగానే అచ్చు విప్పి
అక్షరాల్ని ఎవరి గూట్లో వాళ్లని పండబెట్టడం నా పని.
క వత్తు ఒక గూడు, త వత్తు ఇంకో గూడు.
కలిపేశానా, కంపోజింగ్ స్టిక్కుతో
వేళ్ల కణుపుల మీద ఒక్కటి.

కరెంటు లేని ఓ మధ్యాహ్నం
ట్రెడిల్ తొక్కుతూ జర్మనీ కంసాలి సంగతి ఎత్తాడు.
ఎనిమిదో తరగతి గైడుకి టైపు కూరుస్తుంటే
వేలికి తగిలిన మనిషంట.
"ఆయన బతుకంతా నేను తలకిందులుగా చదివా రా.

ముందు అద్దాలు చేశాడు,
యాత్రకు పోయేవాళ్లకి అమ్మేదానికి.
ప్లేగొచ్చి తిరునాళ్ల వెనక్కి జరిగింది.
సరుకంతా ఇంట్లోనే.
మిగిలిన అద్దంలో ఏం కనపడిందో మరి,
అక్షరాన్ని ఎదురుగా పోతపోశాడు.
ద్రాక్షపళ్లు పిండే గానుగ తెచ్చి
కాయితం మీద బిగించాడు."

"అప్పు చేశాడా?" అన్నాను.
మిషను ఆపాడు.
"చెయ్యకుండా ఎట్టా? ఉన్నయ్యే ఇరవయ్యారు అక్షరాలు,
వాటికే మునిగిపోయాడు.
మన గుణింతాలూ వత్తులూ పొయ్యాల్సొస్తే
రైన్ నదిని కూడా తాకట్టు పెట్టేవాడు!"
నవ్వాడు,
ఎదురుగా ఉన్న పొగాకు కమీషన్ కొట్టు వైపు చూడకుండా.

పుస్తకం చేతికొచ్చే వేళకి
అప్పిచ్చినవాడు కోర్టుకెక్కాడంట.
అచ్చుకూటం వాడిదైందంట.
"పుస్తకంలో యాడా ఈయన పేరు లేదు.
ముసలితనాన ఏటా కాసిని గింజలు, కాస్త సారా,
ఒక జత గుడ్డలు ఇచ్చారు."
"అంతేనా?"
"పరీక్షలో రెండు మార్కులు గూడా."

ఊళ్లోకి ఆఫ్‌సెట్ వచ్చిన ఏడు,
పొగాకు రేటు పడిపోయిన ఏడూ అదే,
కమీషన్ కొట్టు మనుషులొచ్చి
కేసులన్నీ కాటా మీద బోర్లించారు.
నూట నలభై రెండు కిలోల తెలుగు.
సీసం లెక్కన కట్టారు.
వడ్డీకి చాల్లేదు.

రామాయపట్నం అవతల పట్టపుపాళెం వాళ్లు
కొనుక్కుపోయి కరగబోసి
వలలకి గుండ్లు కట్టుకున్నారు.
మాలకొండయ్య ఒకేఒక్కసారి
బస్సెక్కి పోయి చూసొచ్చాడు.
ఏంది సంగతి అంటే,
"బాగానే మునుగుతున్నయ్" అన్నాడు.

కాటా ఎక్కనిది ఒకటి నా జేబులో మిగిలింది.
బండి ఱ.
ఎవరి పెళ్లికీ ఎవరి దినానికీ పనిపడక
అంచు కూడా అరగలేదు.
అద్దంలో పట్టినా పెద్దగా మారదు.

మొన్న మా అమ్మాయి దాన్ని కొత్త సబ్బు మీద నొక్కి
ఇదేం బొమ్మ నాన్నా, అంది.
నేను చెప్పడం మొదలుపెట్టేలోపే
బకెట్టు నిండి పొర్లింది.

రెండు స్నానాల దాకా ఉంది.