పోలయ్యా అని పిలిస్తే

ఇస్కపల్లి దాటి, ఉప్పు కొఠార్లు దాటి,
సర్వి తోపు చివర రేకుల షెడ్డు.
ఏడు రొయ్యల గుంటలు. ఏడింటి నీళ్ళలో ఏడు సెన్సార్లు.
పాత కంప్యూటరుకు మాత్రం ఒకటే చెవి.
అందుకే ఈ పెట్టెలు తెచ్చాను,
సబ్బు బిళ్ళంతవి, రెండు.
ఒక్కోదానికి నాలుగు గదులు.
కంప్యూటరు ఏ గదిని పిలిస్తే
ఆ తలుపే తెరవాలి,
మిగతావి నోరు మూసుకోవాలి.
చెప్పడానికి ఇంతే.

ముందు తీగలు.
ఇవతలి నోరు అవతలి చెవికి,
అవతలి నోరు ఇవతలి చెవికి.
నోటికి నోరు కలిపితే
ఇద్దరూ అరుస్తారు, వినేవాడుండడు.
పదిహేనేళ్ళుగా ఇదే పని,
అయినా మొదటి తీగ తిరగేసే పెడతాను నేను.
పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను.

తర్వాత వేగం.
సెన్సారు సెకనుకు తొమ్మిది వేల ఆరొందల బిట్ల మనిషి.
పెట్టె దానికి రెట్టింపు తొందరతో పుట్టింది.
తెర మీద పడ్డవి అక్షరాలు కావు,
పీతలు పరిగెత్తిన ఇసుక.
తగ్గించాను.
అప్పుడు నాలుగో గుంట మాట్లాడింది:
ఐదు పాయింట్ రెండు.
శుభ్రంగా, పద్యం అప్పజెప్పే బడిపిల్లలా.

ఒకటిని పిలిస్తే మాత్రం మళ్ళీ పీతలే.
రెండూ అంతే, మూడూ అంతే.
కేబుల్ మార్చాను. ఎర్త్ మార్చాను.
స్టాప్ బిట్ ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి.
మాన్యువల్ తడిసి
పదకొండో పేజీ పన్నెండుకు అతుక్కుపోయింది.
కరెంటు పోయింది. జనరేటరు దగ్గింది. టీ తాగాను.
తొమ్మిదైంది.

కాపలా పోలయ్య గడప దగ్గర గొంతుక్కూర్చుని
చాలాసేపట్నుంచీ నా మొహం చూస్తున్నాడు.
"ఏందన్నా, పలకడం లేదా?"
"పలుకుతోంది. ఇద్దరు ఒకేసారి పలికినట్టుంది."
అన్నాను గానీ, నేనన్నది నేనే వినలేదు.
ఆయన విన్నాడు.

"మా పాళెంలో పోలయ్యలు నలుగురం.
పోలయ్యా అంటే నలుగురం ఓయ్ అనేటోళ్ళం,
పిలిచినోళ్ళకి ఒక్క ముక్క అర్థం గాదు.
అందుకే గూని పోలయ్య, సోడా పోలయ్య.
నేను రేవు పోలయ్య.
నీ పెట్టెలు రెండిటికీ పేర్లు ఏరేరేనా?"

స్క్రూడ్రైవరు చేతిలోనే ఆగిపోయింది.
ఫ్యాక్టరీలో రెండింటికీ పెట్టిన పేరు ఒకటే: సున్నా.
ఒకటి అంటే ఒకటో గుంటా ఐదో గుంటా
కలిసి ఓయ్ అంటున్నాయి.
రెండంటే రెండూ ఆరూ. మూడంటే మూడూ ఏడూ.
రెండో పెట్టెలో నాలుగో గది ఖాళీ,
అందుకా, నాలుగో గుంట బడిపిల్ల!

మూత తీశాను.
ఎనిమిది తెల్లటి మీటలు, బియ్యపు గింజలంత.
మొదటిదాన్ని గోటితో పైకి. టప్.
కరెంటు తీసి ఇచ్చాను.
ఒకటి: నాలుగు పాయింట్ తొమ్మిది.
ఐదు: ఐదు.
ఏడు: మూడు పాయింట్ మూడు.
"ఏడు తగ్గతా ఉండాది" అంటూ పోలయ్య
ఏరియేటరు వెయ్యడానికి చీకట్లోకి ఉరికాడు.

ఎనిమిదో గదికి ఏమీ తగిలించలేదు.
ఊరికే పిలిచి చూశాను.
రెండు సెకన్లు ఆగి, తెర జవాబు లేదంది.

ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను:
గూని, సోడా, రేవు. మూడే చెప్పావు?
"నాలుగోవాడికి ఏం తగిలించలా. వట్టి పోలయ్యే.
అందరికంటే ముందు పుట్టినోడు గదా.
వేటకు పొయినాడు. ఆరేళ్ళయింది.
పడవ వచ్చింది."
తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు, వేలు వేలు.
"ఇప్పుడు కూడా ఎవురన్నా
వట్టిగా పోలయ్యా అంటే
మేం ముగ్గురం పలకం."

మూత బిగించాను.
ఎనిమిదో గదికి
ఉప్పు గాలి తగలకుండా
రబ్బరు టోపీ తొడిగాను.