చెవి వెనక దారం

తమ్ముడి ముక్కులోంచి బయటికొచ్చి
చెవి వెనక్కి చుట్టుకుని
చెంప మీద ప్లాస్టరు కింద దాక్కున్న తెల్ల దారాన్ని చూసి
పోడాపోడా బస్సులో పక్కావిడ అడిగింది:
"తాయెత్తా, పిల్లా?"
కాదన్నాను.
ఔనన్నా పెద్ద అబద్ధమేమీ కాదు.

అది ముక్కులో దూరి, గొంతు దిగి,
కాలి, మాని, మూసుకుపోతున్న గొట్టం గుండా పోయి
పొట్ట మీద పెట్టిన చిల్లులోంచి మళ్లీ వెలుతురు చూస్తుంది.
రెండు కొసలూ కలిపి ముడి.
సాఫా లోపల దారి ఒకటి ఇంకా మిగిలుందని
మరిచిపోకుండా వేసిన ముడి.

మా అమ్మ సబ్బు చేస్తుంది.
కిస్సీలో, కొండ దిగువన. పామాయిలు డ్రమ్ము, కట్టెల పొయ్యి,
కాస్టిక్ సోడా.
నీళ్లలో కలిపితే అదీ నీళ్లలాగే ఉంటుంది,
అదే దాని దొంగబుద్ధి.
ఆ మధ్యాహ్నం బకెట్టు అడుగున మిగిలింది వంచడానికి
చేతికందిన పచ్చ కప్పు తీసుకున్నది
అమ్మ కాదు.

ఆస్పత్రిలో రాసుకునేటప్పుడు అమ్మే చెప్పింది,
"తప్పు నాదే, కప్పు నేనే అక్కడ పెట్టాను" అని.
నావైపు చూడలేదు.
చూసుంటే బాగుండేది.

ఆ తర్వాత చాలా నెలలు వాడు
ఉమ్ము కూడా మింగలేక
డబ్బా ఒకటి చంకలో పెట్టుకు తిరిగాడు.
అన్నం వాసనకి నోరూరితే
ఊరినదంతా డబ్బాలోకే.
వాడు ఉమ్మేసేవాడు.
నాదే, మింగలేక కక్కలేక.

"కోస్తారా?" అనడిగాను మొదటిసారి.
నర్సు ఒమోటుండే నవ్వలేదు, కసరలేదు.
"ఛాతీ తెరవక్కర్లేదు. దారం ఉందిగా."
బల్ల మీద రబ్బరు కడ్డీలు వరసగా పడుకున్నాయి,
కొసలు ఎలక తోకల్లా సన్నంగా.
మత్తులో వాడు నిద్రపోతాడు.
కడ్డీని దారానికి కట్టి
పొట్ట వైపు నుంచి పైకి లాగుతారు,
ఎవరో చీకటి బావిలోంచి చేద లాగుతున్నట్టు
ఆగి, ఆగి.
తొందరపడితే చిరుగుతుందట.
తొందర లేని మనుషుల్ని నేను ముందెప్పుడూ చూడలేదు.

రెండు వారాలకోసారి, గురువారం.
మూడో నంబరు. అయిదు. ఏడు.
వానాకాలం రోడ్డు కొట్టుకుపోయి ఒక నెల తప్పిపోతే
మళ్లీ అయిదుకి వచ్చిపడింది.
అమ్మ సబ్బు ముక్కలు కోస్తూ కోస్తూ
కత్తి పక్కన పెట్టేసింది ఆ రోజు.
మళ్లీ ఏడు.
ఎనిమిదికి గంజి దిగింది.
తొమ్మిదికి వాడు డబ్బా ఇంట్లోనే మరిచిపోయి బడికెళ్లాడు.
నేను దాన్ని బయట పారేయలేదు,
గడప పక్కన ఉంచాను, ఎందుకో.

నిన్న పదకొండు.
ఇవాళ బెండకాయ సూపు, అన్నం.
మెత్తగా పిసికి ముద్ద చేసి ఇచ్చాను.
వాడు నమిలాడు, చాలాసేపు నమిలాడు.
కళ్లు మూసుకున్నాడు.
గొంతు మీది చిన్న ఎముక పైకి లేచి
కిందికి దిగింది.
గుటక.
అంత చిన్న చప్పుడుకి
పొయ్యి దగ్గరున్న అమ్మ తల తిప్పింది.

అప్పుడే నా నోట్లోంచి వచ్చేసింది:
"సాఫా, ఆ కప్పు పెట్టింది నేను."
వాడు రెండో ముద్దకి చెయ్యి చాచాడు.
"తెలుసులే. చూశాగా.
నువ్వు పిలిస్తే అమ్మ కొడుతుందని చెప్పలేదు.
చేప ముక్క లేదా ఇందులో?"

చేప లేదు.
నీళ్లడిగాడు. గ్లాసు ముంచి
ముందు నేను తాగాను.
ఏడాది నుంచీ ఈ ఇంట్లో ప్రతి గ్లాసూ
ముందు నా నాలుకనే దాటాలి.
నీళ్లే.
ఇచ్చాను.

దారానికి సూపు అంటింది.
తడిబట్టతో తుడిచి
మళ్లీ చెవి వెనక్కి చుట్టాను.
వచ్చే గురువారం కాదు, ఆ పై గురువారం,
పన్నెండు.