చిల్లర బాకీ

పొగతోటలో మెట్ల కింద గదిలో ఏజెన్సీ అతను
ముందు అడిగింది నాయన పేరు కాదు,
బరువు.

డెబ్బై కిలోలు దాటితే నెలకి రెండువేలు ఎక్కువంట.
ఎత్తేవాళ్ళకీ నడుములుంటాయి కదమ్మా, అన్నాడు.
నాకు తెలీదు. నన్ను భుజాల మీద మోసిన మనిషి
ఎంత తూగుతాడో ఏనాడూ అనుకోలేదు.
వీధి చివర పాత ఇనుము కొట్టాయన్ని బతిమాలి
కాటా మేడమీదికి తెప్పించి
కుర్చీతో సహా తూచాం. కుర్చీ తీసేస్తే అరవై ఎనిమిది.
"గట్టెక్కినాం" అన్నాడు మాల్యాద్రన్న ఫోన్లో,
కావలి ఎరువుల కొట్టులోంచి, బేరం కుదిరిన గొంతుతో.
తిట్టబోయి ఆగాను. నాకూ అదే అనిపించింది.

పగలు పన్నెండు గంటలకి పదహారువేలు.
నెల అడ్వాన్సు. అన్నం మనదే, డైపర్లు మనవే, ఆదివారం సెలవు.
ముప్పై నాలుగేళ్ళు బస్సులో నిలబడ్డందుకు
కండక్టర్ చెంచురామయ్యకొచ్చే పెన్షన్ మూడువేల రెండొందలు.
అన్న ఆరువేలు. గూడూరు నుంచి సుగుణ నాలుగు,
ఒక్కో నెల మూడు, ఒక్కో నెల నిమ్మకాయ ఊరగాయ.
మిగిలింది నాది.
రాత్రి పన్నెండు గంటల రేటు ఎవరూ అడగలేదు.
కాగితంలో ఆ గడి ఖాళీ.

కోటమిట్ట నుంచి రమీజా వచ్చింది, ఎనిమిదికి ముందే.
టిఫిన్ బుట్ట, ప్లాస్టిక్ చెప్పులు, మాట తక్కువ.
నాయన ఆమె చెయ్యి విదిలించి
"యాడికి మే?" అన్నాడు.
నేను సర్దిచెప్పేలోగా ఆమె
"బుచ్చికి" అంది.
"ఒకటేనా?"
"ఒకటే, అన్నా."
క్యాలెండర్ కాగితం చింపి ఇచ్చాడు.
అప్పుడుగానీ స్నానానికి లేవలేదు.

ఇక రోజూ అదే సర్వీసు.
పడుగుపాడు దగ్గర పళ్ళు తోమిస్తుంది,
డామరమడుగులో గడ్డం గీస్తుంది,
మాత్రలు మింగేసరికి బుచ్చి వస్తుంది.
దిగదు. సంగందాకా ఇంకో టికెట్టు తీసుకుంటుంది.
టికెట్టు వెనక వణికే అంకెలతో రాసిస్తాడు:
రెండు ఇవ్వాలి. ఐదు ఇవ్వాలి.
చిల్లర లేదు, దిగేటప్పుడు అడుగు, అంటాడు.
ఆమె అవన్నీ గాజుల డబ్బాలో దాచిపెట్టింది.
"మీ నాయన నాకు నూట డెబ్బై నాలుగు బాకీ మేడమ్"
అని ఒకసారి నవ్వింది. నవ్విందనే అనుకుంటున్నా.
పదహారులో ఆమె చేతికొచ్చేది పన్నెండేనని
మూడో నెల్లో తెలిసింది నాకు.
తెలిసి నేను చేసిందేమీ లేదు.

నెలాఖరున ఫోన్ టింగుమంటే
నాయన లెక్కలో అది డబ్బు కాదు.
"ఆయమ్మికి చిల్లర ఇచ్చేస్తివా?" అని రాత్రంతా ఒకటే గొణుగుడు.
రెండింటికి పక్క తడుస్తుంది.
చివరి ట్రిప్పు దిగి డిపోలో లెక్క అప్పజెబుతున్నట్టు
ఆయన వేళ్ళు మడుస్తుంటాడు,
నేను దుప్పటి మారుస్తుంటాను.

రంజాన్ పండక్కి మూడురోజులు రానంది రమీజా.
నెలంతా ఉపవాసంతోనే ఎత్తింది, ఎట్లా వద్దంటాను?
బట్టల షాపులో నా బిల్లింగ్ కౌంటర్‌కి సెలవు పెట్టాను, జీతం కోత.
పొద్దున్నే మంచం పక్కన నిలబడి
ఆమెలాగే చెయ్యి చాచి
అడక్కముందే చెప్పాను: "బుచ్చికి, ఒకటి."

నాయన తేరిపార చూశాడు,
నలిగిన నైటీని, నిద్రలేని కళ్ళని,
భుజం మీద తన తడి తువ్వాలుని.
"స్టాఫా?" అన్నాడు.

గొంతు పట్టేసింది. తలూపాను.

"మరి టికెట్టెందుకు మే?
ఫుట్‌బోర్డు మీద కాదు, లోపలికి జరిగి నిలబడు.
సీట్లు ప్యాసింజర్లకి."

జరిగాను.
బకెట్లో వేన్నీళ్ళు చల్లారుతున్నాయి.
పడుగుపాడు ఇంకా రాలేదు.